తీగ మీద వచ్చిన టైము

మా దినాలల్ల టైము తీగ మీద వచ్చేది బిడ్డా. నవ్వకు. పాలు సైకిలు మీద వచ్చేవి, ఉత్తరం పోస్టుమన్ సంచిల వచ్చేది, టైము మాత్రం దినాం సాయంత్రం నాలుగు గంటలకు కంట్రోలు ఫోను తీగ మీద వచ్చేది. రైల్వేల నాలుగు అనరు, పదహారు అంటరు. పదహారు గంటలు కావొస్తుందనంగ టేషన్ మాస్టరు చేతిల పని పక్కకు పెట్టి ఫోను చెవికి ఆనిచ్చుకునెటోడు. అవతల కంట్రోలరు టైము చెప్పంగనే ఇవతల గోడ గడియారం సరిచేసెటోడు. ఇది ఒక్క మాస్టరు అలవాటు కాదు, రూల్ బుక్కుల ఉన్న ముచ్చట. సర్కారు ఒప్పుకున్న టైము దినాం 16 గంటలకు ముఖ్యమైన టేషన్లన్నిటికి అందాలె. అక్కడికెళ్ళి మాకు అందాలె. నీ ఫోన్ల టైము ఎక్కడికెళ్ళి వస్తదో చెప్పు చూద్దాం? చెప్పలేవు. మా టైము ఎవని నోట్లకెళ్ళి వచ్చిందో మాకు ఎర్కే.

ఇగ జర ఇటు జరుగు. పొయ్యిల బొగ్గులు ఇంకా ఎర్రగనే ఉన్నయి. మందమర్రిల పుట్టినోనికి బొగ్గు కాక తగలంది ముచ్చట బయటికి రాదు. ఒకప్పుడు ఈ వాడల పొద్దున లేస్తే ఇంటింటి ముంగట బకెట్ పొయ్యి పొగ లేస్తుండె. పొగ పోయిందాక పొయ్యి బయటనే ఉండాలె, మంట తేరినంకనే లోపటికి తేవాలె. గ్యాసు వచ్చినంక గా తిప్పలు పోయింది, గా కాక కూడ పోయింది. సరే, పొయ్యి ముచ్చట ఇడువు. గడియారం ముచ్చట కదా చెప్తున్న.

మేము నలుగురం ఇప్పటికీ దినాం ఒక్కకాడ కూసుంటం. ఫైర్‌మన్‌గ చేరి, బొగ్గు కొట్టి కొట్టి డ్రైవరైన బావ ఒకడు. పాయింట్స్‌మన్‌గ చేసిన కాక ఒకడు. కీమన్ తమ్ముడు ఒకడు. గూడ్సు గార్డుగ చేసిన నేను. నలుగురి జేబులల్ల నాలుగు గొలుసు గడియారాలు. నాలుగింటివి నాలుగు టైములు. జిందగంత రైల్వేల చేసిండ్రు, గిదేం కథ అంటవేమో. టైము చెప్పే తీగ తెగిపోయినంక ఎవని గడియారం వానిది. ఊరంత ఒక తొవ్వ, ఉలిపికట్టెది ఒక తొవ్వ అంటరు చూడు, మా నలుగుర్ల ఎవరు ఉలిపికట్టె అన్నది ఇప్పటిదాక తేలలే. నలుగురం నా గడియారమే కరెక్టు అంటం. బావ అయితే టీవీల వచ్చే టైమే తప్పు అంటడు.

ఇంకో మాట. మా జేబులల్ల ఉన్నవి సర్కారు గడియారాలు కావు. సర్కారు గడియారానికి వెనుక నంబరు కొట్టి ఉంటది. రిటైరైన దినం జెండాలు, దీపం, విజిలుతోటి సహా లెక్కజూసుకొని తీసుకుంటరు. ఇవి మేము కొనుక్కున్నవి, ఒకటి రెండు పెద్దలు ఇచ్చినవి. కీమన్ తమ్మునిది మాత్రం కట్నం గడియారం. గా ముచ్చట మంచిగుంటది, తర్వాత చెప్తా.

ముందు గార్డు అంటే ఏందో చెప్పాలె. 2022ల పేరు మార్చిండ్రు, ఇప్పుడు ట్రెయిన్ మేనేజర్ అనాలెనట. డ్రైవరు అంతకుముందే లోకో పైలటు అయిండు. పేర్లు పెద్దగైనయి, సంతోషం. మా కాలంల గార్డుకు పేరు చిన్నది, డబ్బా పెద్దది. నల్ల రంగు ఇనుప డబ్బా, లైన్ బాక్సు అంటరు. దాని మీద తెల్ల అక్షరాలతోటి పేరు, హోదా, కాజీపేట అని రాసి ఉంటది. అండ్ల ఎర్ర జెండ, పచ్చ జెండ, చేతి దీపం, బండి తోకకు కట్టే దీపం, విజిలు, మందుల పెట్టె, రూల్ బుక్కులు, పట్టాల మీద పెట్టే పటాకలు. వీటన్నిటి కింద ఒక లుంగి, సద్ది గిన్నె, మామిడికాయ తొక్కు సీసా. డబ్బా మోసెటానికి బాక్సు పోర్టరు వేరే ఉంటడు. గార్డు వచ్చిండా అని ఎవ్వరూ అడిగేది లేదు, డబ్బా వచ్చిందా అనే అడిగెటోళ్ళు.

పటాకలంటే దీపావళివి అనుకునేవు. నడి అడవిల బండి ఆగి కదలకుంటే వెనుకకెళ్ళి ఇంకో బండి వచ్చి గుద్దకుండ గార్డు పట్టాల వెంట నడిచి పోవాలె. 600 మీటర్ల కాడ ఒక పటాక, 1200 మీటర్ల కాడ పది పది మీటర్ల ఎడంతోటి మూడు పటాకలు పెట్టాలె. వచ్చే ఇంజను చక్రం కింద అవి ఢాం అంటే డ్రైవరుకు ముంగట ఆపద ఉన్నదని తెలుస్తది. రేచిని రోడ్డు, ఆసిఫాబాద్ రోడ్డు దిక్కు అడవిల, వానల, ఒక్కనివే చేతి దీపం పట్టుకొని కిలోమీటరు దాటి నడిచి చూడు. దేవుడు కూడ యాదికి రాడు. గడియారమే యాదికొస్తది. బండి ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి పటాక పెట్టిన, అన్నీ రాయాలె. రేపు అడిగెటోనికి నీ చెమట తోటి పనిలేదు, నీ నిమిషం తోటి పని.

ఇగ గడియారం కాడికి వద్దాం. బండి బయలెళ్ళే ముందు గార్డు టేషన్ గడియారం చూసి తన గడియారం సరిచేసుకోవాలె. అటెన్క డ్రైవరుకు టైము చెప్పాలె. డ్రైవరు దాన్ని బట్టి తనది సరిచేసుకోవాలె. ఇది కూడ రూలే. కంట్రోలు తీగ నుంచి మాస్టరుకు, మాస్టరు గోడ నుంచి గార్డుకు, గార్డు నుంచి డ్రైవరుకు, పెండ్లిల కంకణం చేతులు మారినట్టు టైము చేతులు మారుతుండె. ఎవని టైమూ వాని సొంతం కాదు.

చెప్పెటందుకు బాగనే ఉన్నది. కాని డ్రైవరు అనెటోడు ఎవరు? ఇంజను మీద రాజు. మైలేజి పైసలు కలిపితే మా కంటె జీతం ఎక్కువ, వయసు ఎక్కువ, మీసం ఇంకా ఎక్కువ. గా మనిషికి నిన్న మొన్న మీసాలు మొలిచిన గార్డు పోయి ‘అన్నా, రెండు నలభై ఏడు’ అంటే ఒప్పుకుంటడా? మా బావతోటి నేను చేసిన మొదటి బండిల గిదే జరిగింది. బ్రేక్ వ్యాను కాడికెళ్ళి బొగ్గు వ్యాగన్లన్ని దాటుకుంట, కంకర మీద కాళ్ళు మడతపడంగ ఇంజను దాక పోయి టైము చెప్పిన. కింది మీది చూసిండు. కోటు లోపటికెళ్ళి గడియారం తీసిండు. వెస్ట్ ఎండ్ కంపెనీది. స్విట్జర్లాండుల చేయించి, బొంబాయి, కలకత్తాల దుకాణాలు పెట్టి అమ్మిన కంపెనీ అది, పాత రైల్వే మనుషులకు గా పేరు అంటే పాణం. మూత తీసి నాకు చూపిచ్చి, ‘నాది రెండు నలభై తొమ్మిది. నీది సర్కారు గడియారం తమ్మీ, దానికి సర్కారు నడకనే ఉంటది’ అన్నడు.

అయితే రెండు నిమిషాల కోసం కొట్లాడినమా? కొట్లాడినం. టేషన్ మాస్టరు కిటికీల తలకాయ పెట్టి, ‘ఇద్దరి గడియారాలు నా గోడ కింద పాతిపెడుత, సిగ్నల్ ఇచ్చి మూడు నిమిషాలాయె’ అని ఒర్రిండు. బండి లేటు మా ఇద్దరి ఖాతల పడ్డది. అటెన్క ఇద్దరం కలిసి చేసిన బండ్లకు లెక్కలేదు, మా చెల్లెను కూడ ఆయనకే ఇచ్చినం. కని ఆ రెండు నిమిషాలు మాత్రం ఇప్పటిదాక ఒప్పుకోలే.

రెండు నిమిషాలకు గంత లొల్లి ఎందుకంటవా? మాకు ట్రైనింగుల ఒక ఇన్‌స్ట్రక్టరు సారు చెప్పిన ముచ్చట ఉన్నది. అమెరికాల ఒహాయో అనే రాష్ట్రంల కిప్టన్ అనే చిన్న టేషన్ ఉంటదట. 1891 ఏప్రిల్‌ల అక్కడ రెండు బండ్లు ఎదురెదురు గుద్దుకున్నయి. ఒక బండి పక్క లైన్ల ఆగి, రెండో బండికి తొవ్వ ఇయ్యాల్సి ఉండె. ఆ బండి డ్రైవరు గడియారం నాలుగు నిమిషాలు ఆగిపోయి, మల్ల దానంతట అదే నడిచిందట. ఆయనకు తెల్వనే తెల్వదు. ఇంకా టైమున్నది అనుకొని బండి తోలిండు. గంతే, మనుషులు పోయిండ్రు. అటెన్క వెబ్ బాల్ అనే గడియారాలాయనను పిలిపిచ్చి రైల్వే గడియారాలు ఎట్లుండాలెనో లెక్క కట్టిచ్చిండ్రు. వారంల ముప్పై సెకండ్ల కంటె తప్పొద్దు, మూత లేకుండ ముఖం తెరిచి ఉండాలె, అంకెలు పెద్దగ కనపడాలె, చావి ఇచ్చే మర పన్నెండు అంకె కాడ ఉండాలె. సారు గా ముచ్చట చెప్పినంక క్లాసుల అందరి చేతులు మెల్లగ జేబుల మీదికి పోయినయి. అందరం చావి ఇచ్చుకున్నం.

మన దిక్కు కూడ టైము ముచ్చట సీదగ లేకుండె. తెల్లోళ్ళ కాలంల బొంబాయికి ఒక టైము, కలకత్తాకు ఒక టైము, మద్రాసుకు ఒక టైము. రైళ్ళు ఏ టైము మీద నడవాలెనో తేలక, దేశం నడుమన ఉన్నదని రైల్వేలు మద్రాసు టైము పట్టుకున్నయి. 1906 జనవరి ఒకటో తారీకు నుంచి ఇప్పుడు మనం వాడే టైము వచ్చింది. మద్రాసు టైముకు దీనికి తొమ్మిది నిమిషాల తేడా. దేశమంత ఒక్క దినం తొమ్మిది నిమిషాలు ముందుకు దునికింది అన్నట్టు. అది కూడ అందరూ ఒక్కసారి ఒప్పుకోలే. కలకత్తా, బొంబాయి తమ సొంత టైమును స్వతంత్రం వచ్చినంక కూడ వెంటనే ఇడువలే. మా బావ రెండు నిమిషాలకు యాభై ఏండ్ల పైన మొండికేస్తుండు అంటే బొంబాయి పక్కన పెట్టి చూస్తే ఆయన మంచోడే.

మా నాయిన ముచ్చట కూడ ఇక్కడనే చెప్పాలె. ఆయన నిజాం రైల్వేల గ్యాంగుమన్. బొగ్గు ఉన్నదనే మా దిక్కు రైలు వచ్చింది బిడ్డా, మన మొకాలు చూసి రాలే. డాక్టర్ విలియం కింగ్ అనే దొర ఇల్లందు కాడ సింగరేణిల బొగ్గు ఉన్నదని 1871ల చెప్పిండు, 1888ల డోర్నకల్ నుంచి అక్కడికి పట్టాలు పడ్డయి. ఇటు కాజీపేట నుంచి గోదారి దాటి, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి మీదికెళ్ళి బల్లార్ష దాక లైను కలిసి, జీటీ, అంటే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, నడుసుడు షురువైంది 1929 కాడ. మా నాయిన గా పట్టాలు మోసిన చేతులు. జీతం హాలీ సిక్కల ఇచ్చెటోళ్ళు. ఇంగ్రేజు రూపాయిని కల్దార్ అనెటోళ్ళు. ఆరు కల్దార్లంటే ఏడు హాలీలు. బల్లార్ష దిక్కుకెళ్ళి వచ్చినోడు కల్దార్లు తెస్తే, మార్చుకునేకాడ షావుకారి వేళ్ళు మడిచి లెక్కబెట్టే తీరు మా నాయిన చేసి చూపిచ్చెటోడు, మేము కడుపుబ్బ నవ్వెటోళ్ళం. ఆయనకు గడియారం లేకుండె. నీడ చూసి టైము చెప్పెటోడు. మబ్బు పట్టిన దినం జీటీని బట్టి చెప్పెటోడు.

గీ జీటీని బట్టి చెప్పుడు ఉన్నది చూడు, అది ఒక్క మా నాయిననే కాదు, మా క్వార్టర్ల వాడంత గదే పని. జీటీ పోతే పొయ్యి మీద ఎసరు, ప్యాసింజరు వస్తే పిల్లలు బడికి. కని జీటీ ఒక దినం టైముకు వస్తది, ఒక దినం రెండు గంటలు లేటు. లేటైన దినం వాడంత పొయ్యిలు లేటు, సద్దులు లేటు, డ్యూటీలు లేటు. ‘ఎందుకు లేటు?’ అని మేస్త్రి అడిగితే ‘జీటీ లేటు’ అనెటోళ్ళు. జీటీకి, ట్రాలీ తోసుడుకు ఏం సంబంధమో మేస్త్రికి ఎన్నడూ సమజు కాలే. అయ్య వచ్చిందాక అమాస ఆగుతదా అని తిట్టెటోడు. మా వాడల మాత్రం జీటీ వచ్చిందాక అమాస కూడ ఆగేది.

బొగ్గు బాయి వాళ్ళ ముచ్చట వేరే. వాళ్ళకు సైరన్ ఉండె. పొద్దున ఏడింటి షిఫ్టు, పగటీలి మూడింటి షిఫ్టు, రాత్రి పదకొండింటి షిఫ్టు. సైరన్ మోగితే కేకే బాయిల దిక్కు టోపీలు, చెమ్మస్‌లు, టిఫిను డబ్బాలు బారులు కడుతుండె. బాయిల దిగినోనికి చుక్కల్లేవు, పొద్దు లేదు, గడియారం పెట్టుకుంటే బొగ్గు పొడి, చెమట కలిసి వారంల దాని పాణం తీస్తది. గందుకే బాయి మనిషి గడియారాన్ని పెండ్లికి, జాతరకు, ప్లేడే సెలవు నాడు సినిమకు పెట్టుకునెటోడు. చేతికి గడియారం కనపడ్డదంటే గా దినం ఆయనకు పని లేదన్నట్టు. మాకు ఉల్టా. గడియారం జేబుల ఉన్నదంటే డ్యూటీ మీద ఉన్నట్టు.

గీ రెండు టైములు గుద్దుకునే జాగ ఒకటి ఉండె. బొగ్గు సైడింగు. ఖాళీ వ్యాగన్లు నింపెటానికి కంపెనీకి ఇన్ని గంటలని ఒక గడువు ఉంటది. గడువు దాటితే డెమరేజి, అంటే జుర్మాన. ఖాళీ వ్యాగన్లు ఎన్నింటికి లోపటికి పెట్టిండ్రు, నిండినయి ఎన్నింటికి తయారైనయి, గీ రెండు నిమిషాల మీద పైసలు నడుస్తయి. రైల్వే బాబు గడియారం ఎప్పుడూ ముందుకు ఉండె, సైడింగు బాబు గడియారం ఎప్పుడూ వెనుకకు ఉండె. ఇద్దరూ దేవుని మీద ఒట్టుపెట్టి తమ తమ గడియారం చూపిచ్చెటోళ్ళు. ఆంబోతులు కొట్లాడితే లేగల కాళ్ళు ఇరిగినయంటరు, నడుమ నలిగేది నేను, నా డ్రైవరు. కాయిదం మీద సంతకం పడ్డదాక బండి కదలదు. చివరికి పాయింట్స్‌మన్ కాక ఇద్దరికి చాయ్ తెప్పిచ్చి, ‘నడిమిట్ల రాయుండ్రి సాబ్’ అనెటోడు. నడిమిట్లనే రాసెటోళ్ళు. గా చాయ్ పదిహేను పైసలు గప్పుడు. జుర్మాన ఎంత ఆగిందో కాక ఎన్నడూ అడుగలే, చాయ్ పైసలు మాత్రం ఇద్దరికెళ్ళి వసూలు చేసిండు.

కాక ముచ్చట వచ్చింది కాబట్టి ఆయన గడియారం ముచ్చట కూడ చెప్తా. గది ఆయన తాత నుంచి వచ్చింది, పింగాణి ముఖం, రోమను అంకెలు, ఆరు కాడ సెకండ్ల ముల్లుకు వేరే చిన్న గుండ్రం. అది ఎన్నడో ఆగిపోయింది. అయినా దినాం తీసి చూసి జేబుల పెడుతడు. ఎందుకు కాకా అంటే, ‘ఆగిన గడియారం దినానికి రెండు మాట్ల కరెక్టు చెప్తది, మీ గడియారాలు ఒక్కమాటు కూడ చెప్తలేవు’ అంటడు. ఇది ఆయన సొంత మాట కాదని, ఎక్కడనో విన్నడని మాకు ఎర్కే. కాని ఆయన ముంగట అనం.

గడియారం తీసుడు కూడ ఒక మర్యాద ఉండె బిడ్డా. ఇప్పుడు మీరు మనిషితోటి మాట్లాడుకుంట ఫోను గీకుతరు. మా దినాలల్ల ఎదుటి మనిషి కూసున్నప్పుడు గడియారం తీస్తే ‘ఇగ లెవ్వు’ అన్నట్టు. గందుకే చుట్టాలు వస్తే గడియారం గొలుసు కూడ కనపడనిచ్చెటోళ్ళం కాదు. టేషన్ల ఎవరన్న టైము అడగాలంటే ‘టైమెంతైతుంది సాబ్?’ అని రెండడుగుల దూరం నిలవడి అడిగెటోళ్ళు. మేము గొలుసు పట్టి మెల్లగ గుంజి, బొటనవేలుతోటి అద్దం తుడిచి చెప్పెటోళ్ళం. అది కూడ ‘పదకొండున్నర కావొస్తుంది’ అని కాదు, ‘పదకొండు ఇరవై మూడు’ అని. పల్లెటూరోళ్ళు నవ్వెటోళ్ళు, ‘గీ మూడు ఎందుకు సాబ్, మీరే ఉంచుకోండ్రి’ అని. నా పెండ్లాం కూడ గదే అనేది. ‘తొందరగ వస్త’ అని ఎన్నడన్న అన్నవా, ‘పదిహేడు నలభైకి వస్త’ అంటవు, వచ్చేది మాత్రం తెల్లారి అని.

నువ్వు తొడుగుతవు చూడు జీన్సు పాంటు, దాని కుడి జేబుల ఇంకో చిన్న జేబు ఉంటది. దేనికి అది? బండి చావికని, చిల్లరకని అనుకుంటవు. అది గడియారం జేబు. అమెరికాల పని చేసెటోళ్ళు గొలుసు గడియారం పెట్టుకునెటందుకు కుట్టిండ్రు. గడియారం పోయింది, జేబు మిగిలింది. మా దర్జీ కూడ తెల్ల ప్యాంటుకు నడుము కాడ గసొంటి జేబే కుట్టెటోడు, దానికి అర్ధణా ఎక్కువ తీసుకున్నడని మా నాయిన కాలంల పంచాయితి అయిందట. గా పంచాయితి చెప్తే తెల్లారుతది, ఇడువు.

బావ ఇంజను మీద గడియారం ఎట్ల చూసెటోడో చెప్తే ముచ్చటగుంటది. స్టీమ్ ఇంజను మీద రాత్రి కరెంటు దీపాలు మిణుకు మిణుకు. టైము చూడాలంటే ఫైర్‌మన్‌ను ‘తలుపు తియ్’ అనేది. ఫైర్‌మన్ కాలితోటి తొక్కి పొయ్యి తలుపు తెరిస్తే ఎర్రటి వెలుతురు కాబ్ నిండ పడుతది. గా వెలుతురుల గడియారం ముఖం చూసి, మల్ల తలుపు మూయించి, బయటికి తొంగి సిగ్నల్ చూడాలె. గా వేడికి, గా బొగ్గు ధూళికి, గా అదురుకు గడియారం బతుకుడే గొప్ప. దాని కడుపుల ఉన్న నూనె వేడికి పల్చబడితే ఒక తీరు నడుస్తది, చలికాలం తెల్లారగట్ల ఇంకో తీరు నడుస్తది. గందుకే నాలుగు గంటల తీగ లేకుంటే ఎంత పెద్ద కంపెనీ గడియారమైనా వారంల దారి తప్పేది. బావ మాత్రం ఇది ఒప్పుకోడు.

ఇగ కీమన్ తమ్ముని కట్నం గడియారం. 1961ల బెంగళూరుల జపానోళ్ళ సిటిజన్ కంపెనీతోటి కలిసి హెచ్‌ఎమ్‌టీ గడియారాలు చేసుడు షురువైనంక, మన దిక్కు అల్లునికి మూడు ఖాయం: సైకిలు, రేడియో, హెచ్‌ఎమ్‌టీ గడియారం. పెండ్లి మాట్లాడేకాడ తమ్ముని మేనమామ ‘మావోడు రైల్వే మనిషి, చేతి గడియారం పెడితే మర్యాద కాదు, జేబు గడియారం, గొలుసు తోటి పెట్టాలె’ అన్నడు. పిల్ల తండ్రి బాయి పనోడు. ఎక్కడెక్కడనో తిరిగి ఒక జేబు గడియారం తెచ్చిండు. పెండ్లి పీటల మీద తమ్ముడు దాన్ని అంగి మీద గొలుసు ఏలాడేసి కూసున్నడు. నడమంత్రపు సిరి నరం మీద పుండు అంటరు చూడు, అయ్యగారు లగ్గం టైము అడిగినప్పుడల్లా గొలుసు గుంజి చూసి చెప్తుండు. అయ్యగారు చిరాకు పడి, ‘నాయనా, ముహూర్తం నా పంచాంగంల ఉన్నది, నీ జేబుల లేదు’ అన్నడు. గప్పటికెళ్ళి ఆయనను వాడల ‘ముహూర్తం’ అనే పిలుస్తరు. కట్నం అడుగుడు తప్పే, ఆ ముసలాయనను తిప్పుడు ఇంకా తప్పు. తమ్ముడు కూడ గిప్పుడు గదే అంటడు, గడియారం మాత్రం జేబులకెళ్ళి తీయడు.

పెండ్లి అంటే ఇంకోటి. రైల్వేల రాత్రి పన్నెండు దాటితే తారీకు మారుతది. ఇది చదువుకున్నోళ్ళకు కూడ తలకెక్కదు. ఒక పెండ్లి బృందం, ఏ ఊరో ఎందుకులే, పన్నెండో తారీకు సున్నా పది నిమిషాల బండికి టికెట్లు చేసుకున్నరు. పన్నెండో తారీకు రాత్రి పదకొండింటికి బ్యాండు తోటి, అరిసెల డబ్బాల తోటి, పెండ్లికొడుకు తోటి టేషనుకు వచ్చిండ్రు. వాళ్ళ బండి పోయి ఇరవై మూడు గంటలు కావొస్తుండె. మాస్టరు పాపం నిదానంగ సమజు చేస్తుంటే పెండ్లికొడుకు నాయిన ‘రాత్రి పన్నెండు రాత్రిలనే ఉంటది గద, పొద్దున ఎట్లయితది?’ అని కొట్లాట. ఆయన మాటల న్యాయం ఉన్నది, ఒప్పుకోవాలె. చివరికి తెల్లారి ప్యాసింజరుకు పంపిండ్రు. పెండ్లి మాపటీలికి జరిగిందని తర్వాత విన్నం. మీకు కూడ చెప్తున్న, రెండు సున్నాలతోటి మొదలయ్యే టైము టికెట్టు మీద కనపడితే ముందు రోజు రాత్రే బయలెళ్ళుండ్రి. ఇది ఇప్పటికీ అవుతున్నది.

గిప్పుడు టేషన్ల గడియారాలు ఉపగ్రహం చెప్పిన టైము చూపిస్తయి. సిగ్నలు ఎన్నింటికి పడ్డది, బండి ఎన్నింటికి దాటింది, మిషినే రాసుకుంటది. గార్డు, డ్రైవరు కొట్లాడెటందుకు నిమిషం కూడ మిగలలే. మంచిదే. మా కొట్లాటలల్ల బండ్లు లేటైనయి, మిషిన్ల లెక్కల బండ్లు లేటైతలేవని నేను అననుగని, కనీసం ఎవని వల్లనో తెలుస్తది. హెచ్‌ఎమ్‌టీ గడియారాల కంపెనీ మూసెయ్యాలని సర్కారు 2016ల నిర్ణయం చేసింది. గా వార్త పేపర్ల చదివిన దినం మా నలుగుర్ల ఎవ్వరం ఎక్కువ మాట్లాడలే, చాయ్ మాత్రం రెండుమాట్లు తాగినం. చాయ్ గప్పుడు పదిహేను పైసలు అన్న గద, గా దినం ఎంతో చెప్తే నువ్వే నవ్వుతవు.

గడియారాలు రిపేరు చేసెటోళ్ళు కూడ తగ్గిపోయిండ్రు. కంటికి నల్ల గొట్టం అద్దం పెట్టుకొని, చిమిట పట్టి, ఊపిరి బిగవట్టి పని చేసెటోళ్ళు. వాళ్ళ కాడికి పోతే గడియారం చెవి కాడ పెట్టుకొని ఇని, ‘దీనికి దమ్ము ఉన్నది’ అనో, ‘లాభం లేదు’ అనో చెప్పెటోళ్ళు. మా డాక్టర్లు కూడ గంత నిదానంగ మమ్ముల చూస్తలేరు.

గందుకే నీకొక్క పని చెప్తా, చెయ్. మీ ఇంట్ల తాతదో, ముత్తాతదో సందుకల గొలుసు గడియారం ఉన్నదేమో చూడు. రైల్వేల చేసిన ఇల్లయితే చాన మట్టుకు ఉంటది. వెండి గొలుసని తూకానికి అమ్మకు. వెనుక మూత తీసి లోపల రాసిన కంపెనీ పేరు, నంబరు ఒక కాయిదం మీద రాసిపెట్టు, అది ఎవరిదో, ఏ టేషన్ల పని చేసిండో బతికి ఉన్న పెద్దలను అడిగి గా కాయిదం మీదనే రాయి. ఏండ్లు ఆగిన గడియారానికి నూనె ఎండిపోయి ఉంటది, కాబట్టి ఒక్కసారే చావి ఇయ్యకు, ముందు తెలిసినోనితోటి కడిగిపిచ్చి నూనె వేయించు. నడుసుడు షురువైనంక దినాం పొద్దున ఒక్కటే టైముకు చావి ఇయ్యి, బిగుతు తగలంగనే ఆపు. స్ప్రింగు తెగితే గా సైజుది ఇప్పుడు దొరుకుడు కష్టం.